బొమ్మల కథ చదవడం నేర్చుకుందాం – ఆరో పాఠం: సంతకం లేని చెయ్యి

పోయిన పాఠంలో ఒక బొమ్మ ఉన్న గడికీ పక్క బొమ్మ ఉన్న గడికీ మధ్య ఉండే తెల్లటి సందులో కథ ఎలా నడుస్తుందో చూశాం. ఒక పేజీలో నడిమి గడి మీద కాగితం కప్పి, అందులో ఏం జరిగి ఉంటుందో ఊహించి రాయమన్నాను. చేశారనుకుంటాను. చెయ్యకపోతే ముందు అది చేసి రండి. ఈ పాఠానికి కావలసిన ఓపిక అక్కడే అలవడుతుంది.

ఇవాళ్టి విద్య: పేరు వెయ్యని బొమ్మను చూసి, అది గీసిన చెయ్యి ఎవరిదో పోల్చుకోవడం.

ఇదేదో పండితుల పని అని బెదిరిపోకండి. తెలుగువాళ్ళలో చాలామందికి ఈ విద్య ఒక మెట్టు వరకూ వచ్చేసే ఉంది. పెళ్ళిపత్రిక మీదో పాత వారపత్రిక అట్ట మీదో ఒక బొమ్మ కనబడగానే "బాపు బొమ్మ" అనేస్తాం. సంతకం కోసం వెతుక్కోం. ఆ వాలుజడ, ఆ కనుకొలకు, ఒక్క విసురులో దిగిన ఆ కుంచె గీత చాలు. ఇంకా గమ్మత్తేమిటంటే, బాపుగారిని చూసి వేరేవాళ్ళు గీసిన బొమ్మ చూపిస్తే "బాపు బొమ్మలాగే ఉంది" అంటాం తప్ప "బాపుది" అనం. ఏదో తేడా కంటికి తగులుతుంది. అదేమిటో చెప్పమంటే మాత్రం మాట తడబడుతుంది. ఆ తేడాను మాటల్లో పెట్టగలగడమే మనం ఇవాళ నేర్చుకునేది.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఒక బాతుల కథ. కాస్త తీరిగ్గా చెబుతాను.

అమెరికాలో 1940లలో డొనాల్డ్ డక్ కామిక్ పుస్తకాలు అమ్ముడుపోయిన తీరు మనకు ఊహకందదు. 'వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్' అనే మాసపత్రిక 1950ల తొలి రోజుల్లో నెలకు దాదాపు 30 లక్షల ప్రతులు అమ్ముడయ్యేది. ప్రతి సంచికలోనూ మొదట పది పేజీల డొనాల్డ్ కథ ఉండేది. కథ ఎవరు రాశారో, బొమ్మలు ఎవరు గీశారో ఎక్కడా ఉండదు. కనిపించే పేరు ఒక్కటే, వాల్ట్ డిస్నీ. పిల్లలందరూ ఆ బొమ్మలు ఆయనే స్వయంగా కూర్చుని గీస్తున్నాడనుకునేవారు.

అందరూ అనుకోలేదు. అవే బాతుల్ని చాలామంది చిత్రకారులు గీసేవారు. వేషం ఒకటే, నావికుడి టోపీ ఒకటే, ముక్కు ఒకటే. అయినా ఒకరు గీసిన కథ మిగతావాటికంటే వేరుగా ఉంటోందని కొందరు పిల్లలు కనిపెట్టేశారు. ఆ కథలో వానపడితే తడిసినట్టు ఉండేది. కొండ ఎక్కితే ఎత్తు తెలిసేది. డొనాల్డ్ గొప్పలకు పోయి బోల్తాపడితే నవ్వుతోబాటు జాలీ కలిగేది. పేరు తెలియదు కాబట్టి ఆ పిల్లలే ఆయనకొక పేరు పెట్టుకున్నారు: "మంచి బాతుల చిత్రకారుడు". ఊళ్ళు వేరు, ఒకరి ముఖం ఒకరు చూడలేదు, కానీ అందరూ ఒకే చేతిని పట్టుకున్నారు.

ఆ చెయ్యి కార్ల్ బార్క్స్‌ది. 1901లో ఓరెగాన్ రాష్ట్రంలో మెరిల్ అనే ఊరి దగ్గర పుట్టాడు. బడి చదువు తొందరగానే ఆగిపోయింది. చెవులు సరిగా వినపడవు. రకరకాల పనులు చేసి, 1935లో డిస్నీ స్టూడియోలో చేరాడు. కదిలే బొమ్మల్లో ఒక భంగిమకూ మరో భంగిమకూ మధ్య వచ్చే బొమ్మలు గీసే పనితో మొదలుపెట్టి కథల విభాగానికి వెళ్ళాడు. 1942లో అక్కడ మానేసి, కాలిఫోర్నియాలో ఒక పల్లెకు వెళ్ళి, డిస్నీ కామిక్స్ అచ్చువేసే వెస్టర్న్ పబ్లిషింగ్ సంస్థకు ఇంటి దగ్గర నుంచే బాతుల కథలు గీశాడు. 1966లో విశ్రాంతి తీసుకునే దాకా దాదాపు 500 కథలు. కథ తనదే, బొమ్మ తనదే. భార్య (ఆమె పేరు 'గారే') కూడా చిత్రకారిణి. అక్షరాలు రాయడంలో, నల్లసిరా నింపడంలో చెయ్యి వేసేది. అంటే "బార్క్స్ చెయ్యి" అని మనం అనేదాంట్లోనూ రెండు చేతులున్నాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, వచ్చే పాఠంలో పనికొస్తుంది.

పిసినారి కోటీశ్వరుడు అంకుల్ స్క్రూజ్‌ను 1947లో పుట్టించింది బార్క్సే. బాతుల ఊరు డక్‌బర్గ్‌కు ఆ పేరు పెట్టిందీ, దొంగల ముఠా బీగల్ బాయ్స్‌ను తయారుచేసిందీ ఆయనే. 1990లలో ఆదివారాలు దూరదర్శన్‌లో హిందీలో 'డక్ టేల్స్' చూసి పెరిగిన మన పిల్లలు కూడా ఆయన ఊహించిన ఊళ్ళోనే తిరిగారన్నమాట. ఆ కార్యక్రమం 1987లో మొదలైంది. దాని పునాది బార్క్స్ కామిక్సే. బంగారు నాణేల కుప్పలో ఈతకొట్టే ముసలి బాతు మా ఇంట్లో నలుగురికీ తెలుసు. కార్ల్ బార్క్స్ పేరు ఒక్కరికీ తెలియదు. నాకూ చాలా ఏళ్ళ దాకా తెలియదు.

పేరు ఎలా బయటికొచ్చింది? చదివేవాళ్ళు ఊరుకోలేదు గనక. 1960లో ఒక యువ పాఠకుడు పట్టువిడవకుండా ఉత్తరాలు రాసి ఆ పేరూ చిరునామా రాబట్టాడు. అంటే అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా లక్షల ఇళ్ళకు వెళుతున్న బొమ్మల వెనుక ఉన్న మనిషికి, తనను ఎవరో గుర్తుపట్టారన్న కబురు అప్పుడే అందింది. అక్కణ్ణించి కథ మారిపోయింది. విశ్రాంతి తీసుకున్నాక, 1971 నుంచి కొన్నేళ్ళు, డిస్నీ అనుమతితో అవే బాతుల్ని తైలవర్ణాల్లో వేశాడు. ఒక చిన్న గ్రహశకలానికి బార్క్స్ పేరు పెట్టారు. 2000లో, 99 ఏళ్ళ వయసులో పోయేనాటికి ఆయన్ను ఎరగని కామిక్ ప్రియుడు ఐరోపాలో గానీ అమెరికాలో గానీ లేడు. దీనికంతటికీ మొదలు, ఒక ప్రకటనా కాదు, పురస్కారమూ కాదు. కొందరు పిల్లలు బొమ్మను శ్రద్ధగా చూడడం.

ఇక పనిలోకి దిగుదాం.

ఎక్కడ చూడాలి

బొమ్మ చూడగానే మన కన్ను ముఖం మీదికి పోతుంది. చెయ్యిని పోల్చుకోవడానికి ముఖం అంత నమ్మదగిన చోటు కాదు. ముఖం దగ్గర చిత్రకారుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. పాత్ర మారకూడదు, సంపాదకుడు ఒప్పుకోవాలి, పోయిన నెల బొమ్మలాగే ఉండాలి. అలవాటు బయటపడేది ఎవరూ పట్టించుకోని మూలల్లో.

ఈ మాట మొదట గట్టిగా చెప్పినవాడు 19వ శతాబ్దపు ఇటలీవాడు జొవాన్ని మొరెల్లి. వైద్యం చదివినవాడు. పాత తైలచిత్రాల్లో ఏది గురువుది, ఏది శిష్యుడిది అని తేల్చడానికి చెవి తమ్మెలు, వేలిగోళ్ళు చూడమన్నాడు. చిరునవ్వును శిష్యుడు అనుకరిస్తాడు, చెవిని మాత్రం తనకు అలవాటైనట్టే గీసేస్తాడు. కామిక్ పేజీకి ఈ సూత్రం అతికినట్టు సరిపోతుంది.

చేతివేళ్ళతో మొదలుపెట్టండి. వేళ్ళు విడివిడిగా ఉన్నాయా, రెండు మూడు కలిసిపోయి ఒకే దిమ్మగా ఉన్నాయా? చూపుడువేలు చాచినప్పుడు బొటనవేలు ఎక్కడికి పోతోంది? తర్వాత బట్టల మడతలు. మోచేతి దగ్గర మడత ఒకే గీతా, మూడు గీతలా, గీత చివర కొక్కెంలా తిరుగుతోందా? తర్వాత నేల. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. పాత్రల కాళ్ళ కింద ఏముందో చూడండి. రెండు గులకరాళ్ళు, ఒక గడ్డిదుబ్బు వేస్తారు కదా, ఆ గడ్డిదుబ్బు ఎంత తొందరగా వేస్తారో అంత నిజం చెబుతుంది. మీరు సంతకం పెట్టినంత వేగంగా వేస్తారు దాన్ని. నిజానికి అదే సంతకం.

ఆ తర్వాత గీత. భూతద్దం పెట్టుకోండి. ఒకే గీత సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్ళీ సన్నబడిందంటే ఒంగే పాళీ గానీ కుంచె గానీ వాడారు. మొదటినుంచి చివరిదాకా ఒకే మందంలో ఉంటే గట్టి పాళీ. బార్క్స్ ఎస్టర్‌బ్రుక్ 356 అనే పాళీ వాడేవాడు. బాతు పొట్ట కింద గీత బరువుగా, వీపు మీద గీత తేలిగ్గా ఉండడం వల్ల ఆ బాతులు నేలమీద ఆనినట్టుంటాయి. అచ్చంగా అదే బాతును ఒకే మందం గీతతో ఎత్తి రాసి చూడండి. కాగితం మీద అతికించిన స్టిక్కర్‌లా ఉంటుంది.

ఒక జాగ్రత్త. అచ్చులో వచ్చేదంతా చిత్రకారుడిది కాదు. ఎరుపు రంగు నల్లగీతను దాటి పక్కకు జరిగితే అది యంత్రం తప్పు. నీడలా కనిపించే చుక్కలు బొమ్మను అచ్చుకు బ్లాకు చేసిన చోట వచ్చినవి కావచ్చు. రంగుల్ని సాక్ష్యానికి పిలవకండి, నల్లగీతనే అడగండి.

ఒక కథ దగ్గరగా

1949లో వచ్చిన 'లాస్ట్ ఇన్ ది ఆండీస్' బార్క్స్ కథల్లో చాలామందికి ప్రాణం. పెరూ కొండల నుంచి వచ్చిన చదరపు గుడ్లు మ్యూజియంలో దొరుకుతాయి. ఆ గుడ్లు పెట్టే కోళ్ళను వెతుక్కుంటూ డొనాల్డ్, ముగ్గురు మేనల్లుళ్ళు బయల్దేరతారు. పొగమంచులో దారితప్పి, అన్నీ చదరంగానే ఉండే ఒక లోయలో పడతారు. అక్కడ గుండ్రనిది ఏది చేసినా నేరం. పిల్లలు బబుల్‌గమ్ బుడగ ఊదారా, చిక్కుల్లో పడ్డట్టే.

ఈ కథను మూడుసార్లు చదవమంటాను. మొదటిసారి కథ కోసం. రెండోసారి మాటల బుడగలన్నీ వదిలేసి బొమ్మలే. మూడోసారి మేనల్లుళ్ళనే చూడండి. ముగ్గురిదీ ఒకే ముఖం. ఒకే గడిలో ముగ్గురూ నిలబడితే మామూలు చిత్రకారుడు ఒకర్ని గీసి ఇద్దర్ని ఎత్తి రాస్తాడు. బార్క్స్ ఒకడి తల వంచుతాడు, ఒకడి రెక్క ఎత్తుతాడు, ఒకణ్ణి వెనక్కు తిప్పుతాడు. ఆ శ్రమకు ఎవరూ అదనంగా డబ్బివ్వరు. పేరు కూడా రాదు. అయినా చేశాడు. పిల్లలకు తెలిసింది దాన్నే.

వెనకాల కొండలు, రాతిగోడలు చూసినప్పుడు, ఇంట్లో కూర్చున్న మనిషికి ఇవన్నీ ఎలా తెలిశాయని అనిపిస్తుంది. ఆయన దగ్గర నేషనల్ జియోగ్రాఫిక్ పాత సంచికలు ఉండేవి. వాటిని ముందు పెట్టుకుని గీసేవాడు. కాబట్టి మీ నోటు పుస్తకంలో ఇదీ రాసుకోండి: ఈ చెయ్యి దేన్ని చూసి గీసింది, దేన్ని ఊహించి గీసింది? చూసి గీసిన గోడకూ ఊహించి గీసిన గోడకూ రాళ్ళ పేర్పులో తేడా ఉంటుంది.

కథ చివర ఎంతో కష్టపడి తెచ్చిన రెండు చదరపు కోళ్ళూ పుంజులే అవుతాయి. ఇక గుడ్లు ఎక్కడివి! ఈ ముగింపు కూడా చేతి గుర్తే. గెలిచినట్టే గెలిచి ఖాళీ చేతులతో నిలబడడం బార్క్స్ కథల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. బొమ్మ గీతకు అలవాటున్నట్టే కథ మలుపుకూ అలవాటు ఉంటుంది.

మన ఇంట్లో సాధన

ఈ పుస్తకాలు దొరకకపోతే బెంగ అక్కర్లేదు. సాధనకు మన పాత 'చందమామ' సంచికలున్నాయి. అది గడుల కామిక్ కాదు, బొమ్మల కథల పత్రిక. పాఠం మాత్రం అదే. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డి మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రికకు చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య దశాబ్దాల పాటు గీశారు. చిత్ర అసలు పేరు టి.వి. రాఘవన్. శంకర్ అంటే కె.సి. శివశంకరన్. భుజం మీద శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడిగా మనకందరికీ గుర్తున్న బొమ్మ ఆయనదే. 2020లో, 96 ఏళ్ళ వయసులో పోయారు. పాపయ్యగారిది శ్రీకాకుళం. వ.పా. అని సంతకం.

వీళ్ళు సంతకం చేసేవారు కాబట్టి సాధనకు మరీ అనుకూలం. సంతకం ఉన్న మూల మీద చిన్న కాగితం ముక్క అంటించమని ఇంకెవరికైనా చెప్పండి. తర్వాత పోల్చండి, రాసుకోండి, అప్పుడు కాగితం తీసి చూడండి. శంకర్ దగ్గర గోపురాలు, స్తంభాలు, నగలు సన్నగీతల్లో ఎంత ఓపిగ్గా నిండుతాయో చూడండి. చిత్ర గీసిన మాంత్రికుల, రాక్షసుల ముఖాల్లో చలాకీతనం చూడండి. పాపయ్యగారి ముఖచిత్రాల్లో గీత కంటే రంగు ముందు మాట్లాడుతుంది. ఇంతకంటే నేను చెప్పను. వేళ్ళు, మడతలు, గడ్డిదుబ్బులు మీరే చూసి రాయాలి.

నేను పప్పులో కాలేసిన సంగతి ఒకటి చెప్పాలి. ఆబిడ్స్‌లో ఆదివారం పాతపుస్తకాల దగ్గర అట్టలేని విడి పేజీలు కొన్ని కొన్నాను. ఒక బొమ్మ కింద మూల చిరిగిపోయింది, సంతకం లేదు. కిరీటం, భుజకీర్తులు చూసి ఇది ఫలానావారిదేనని రాసిపెట్టుకున్నాను, నలుగురికీ చెప్పాను కూడా. కొన్ని నెలలకు అదే సంచిక మొత్తంగా దొరికింది. సంతకం వేరొకరిది. నగలు చూసి మోసపోయాను. నగలు కథకు సంబంధించినవి, పురాణ కథ అయితే ఎవరు గీసినా కిరీటం వస్తుంది. ఆ పేజీ మళ్ళీ తీసి రాజుగారి పాదాలు చూస్తే, వేళ్ళు గీసిన తీరు మొదటినుంచీ నిజమే చెబుతోంది. నేను చూడలేదంతే. ఆ రోజు నుంచి తెలిసినట్టనిపించిన పేరును కూడా పెన్సిల్‌తోనే రాస్తున్నాను.

చందమామ దగ్గర ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. బొమ్మలకు సంతకం ఉంది, రాతకు లేదు. 'తోకచుక్క' మొదలుకొని 'జ్వాలాద్వీపం', 'పాతాళదుర్గం', 'భల్లూక మాంత్రికుడు' దాకా ఆ సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు వాటి మీద పడలేదు. 1952లో పత్రికలో చేరి యాభై ఏళ్ళకు పైగా పనిచేశారు. ఏళ్ళ తరబడి సంపాదకత్వ భారం మోసిన కొడవటిగంటి కుటుంబరావుగారి పేరూ సంపాదకుడిగా కనిపించదు. మూడు తరాల పిల్లలు సంచిక రాగానే ముందు ఆ సీరియల్ పేజీ తిప్పారు, రాసిందెవరో తెలియకుండా పెద్దవాళ్ళయ్యారు. చాలా ఆలస్యంగా, అభిమానులు వెతుక్కుంటూ వెళ్ళాక దాసరిగారి పేరు జనానికి చేరింది. 2010లో ఆయన పోయారు. బార్క్స్‌కు ఉత్తరం అందాక ఇంకా నలభై ఏళ్ళ ఆయుష్షు ఉంది. దాసరిగారికి అంత వ్యవధి లేకపోయింది. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నోటు పుస్తకంలో

ప్రతి కథకు ఒక పేజీ కేటాయించండి. పైన కథ పేరు, నెల, సంవత్సరం. కింద రాసినవారు, గీసినవారు, అక్షరాలు, రంగులు అని నాలుగు వరుసలు. తెలియని చోట ప్రచురణకర్త పేరు నింపకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే. తెలియకపోతే మీరే ఒక పిలుపుపేరు పెట్టండి: "మూడువేళ్ళ ఆయన", "గడ్డిదుబ్బుల ఆవిడ". నవ్వులాటగా అనిపించినా సరే. అదే చెయ్యి ఇంకోచోట కనబడితే అదే పిలుపుపేరు రాయండి. ఎప్పుడో అసలు పేరు దొరికిన రోజున ఆ పేజీలన్నీ ఒక్కసారిగా ఆ మనిషి ఖాతాలోకి వెళతాయి. "మంచి బాతుల చిత్రకారుడు" కూడా ఇలాంటి పిలుపుపేరే కదా.

ఈ వారం పని: ఒకే పాత్రను ఇద్దరు గీసిన బొమ్మలు రెండు సంపాదించండి. చందమామ విక్రమార్కుడైనా సరే, ఇంట్లో పిల్లలు చదివే ఏ కామిక్ అయినా సరే. ట్రేసింగ్ కాగితం పెట్టి రెండిట్లోనూ కుడిచెయ్యి మాత్రమే ఎత్తి రాయండి, పాత్ర ముఖం మీ కంటికి కనబడకుండా కప్పేసి. రెండు చేతుల్నీ పక్కపక్కన పెట్టి అయిదు తేడాలు మాటల్లో రాయండి. "ఇది బాగుంది, అది బాగాలేదు" అనేది తేడా కింద లెక్కకు రాదు. "ఇందులో చిటికెనవేలు విడిగా ఉంది, అందులో ఉంగరపు వేలికి అంటుకుంది" అనేది లెక్కకు వస్తుంది.

వచ్చే పాఠం మాటల బుడగల్లో అక్షరాలు రాసే చేతి గురించి. దానికి ముందుగా ఒక పోస్టుకార్డు మీద గుడ్డు ఆకారంలో బుడగ గీసి, అందులో "క్షమించండి మహారాజా, ఆ ఉత్తర్వు నాకు అందలేదు" అని మీ చేత్తో రాసి పెట్టుకోండి. ఒత్తులు కింది వరుసలో ఎక్కడ గుచ్చుకున్నాయో ఎర్రసిరాతో గుర్తుపెట్టుకుని రండి.